హెన్రీ జెకిల్: చీలిన వ్యక్తిత్వం, పతనం

హెన్రీ జెకిల్ స్కాట్లాండ్ రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ (1850–1894) నవలిక ‘స్ట్రేంజ్ కేస్ ఆఫ్ డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’లో ప్రధాన పాత్ర. పుస్తకం 1886 జనవరిలో వెలువడింది. జెకిల్ లండన్‌లో పేరున్న వైద్యుడు, శాస్త్రవేత్త. యాభై ఏళ్లవాడు, డబ్బుకు లోటు లేనివాడు, దానధర్మాలు చేసేవాడు. తనలోని చెడును విడదీసే మందు కనిపెట్టి, దాన్ని తాగి ఎడ్వర్డ్ హైడ్ అనే మరో మనిషిగా మారతాడు. చివరికి ఆ మనిషిలోంచి వెనక్కి రాలేక నశిస్తాడు.

జెకిల్ మంచివాడు, హైడ్ చెడ్డవాడు అన్న మాట లోకంలో స్థిరపడిపోయింది. పుస్తకం ముట్టుకోని వాళ్లు కూడా రెండు నాలుకల మనిషిని చూసి ఈ జంట పేరు వాడతారు. పుస్తకం చెప్పేది వేరు. మందు తాగినప్పుడు హైడ్ కల్తీ లేని చెడుగా విడివడతాడు. జెకిల్ మాత్రం ఎప్పటి జెకిలే, మంచీ చెడూ కలిసిన పాత మనిషే. అంటే త్రాసులో ఒక తట్టలో పూర్తి చెడు ఉంటే, రెండో తట్టలో ఉన్నది కూడా సగం చెడే. ఈ సంగతి జెకిల్‌కు తెలుసు, తన వాంగ్మూలంలో తానే రాసుకున్నాడు. తెలిసీ మందు మానలేకపోవడంలోనే అతని విషాదం ఉంది.

కథ నడిచే తీరు

పది అధ్యాయాల నవలికలో మొదటి ఎనిమిదింటిలో జెకిల్ మనసు మనకు కనబడదు. అతని లాయరూ పాత స్నేహితుడూ అయిన అటర్సన్ వెంట నడుస్తూ, అతనికి తెలిసినంతే తెలుసుకుంటాం. తొమ్మిదో అధ్యాయం జెకిల్ మరో పాత స్నేహితుడు డాక్టర్ లాన్యన్ రాసి పెట్టిపోయిన కాగితం. పదోది జెకిల్ వాంగ్మూలం. జెకిల్, హైడ్ ఇద్దరూ ఒక్కరేనన్న సంగతి 1886 నాటి పాఠకుడికి ఆఖర్లో గాని తెలియదు. ఈనాటి పాఠకుడికి అది ముందే తెలుసు కాబట్టి ఆ ఉత్కంఠ దక్కదు. బదులుగా మరొకటి దక్కుతుంది: మొదటి అధ్యాయం నుంచీ జెకిల్ ఎంత నేర్పుగా అబద్ధం ఆడుతున్నాడో చూడగలగడం.

చలికాలంలో ఒక తెల్లవారుజామున మూడింటికి, వీధి మలుపులో ఎదురొచ్చిన ఎనిమిది పదేళ్ల పిల్లను పడదోసి, ఒక పొట్టివాడు ఆమె ఒంటి మీద నడుచుకుంటూ పోతాడు. అటర్సన్ బంధువు ఎన్‌ఫీల్డ్ పరిగెత్తి వాణ్ణి పట్టుకుంటాడు. జనం పోగవుతారు. వంద పౌన్లు ఇచ్చుకుంటే గాని వదలమంటారు. వాడు కిటికీ అన్నది లేని ఒక రెండంతస్తుల కట్టడం తలుపు తాళం తీసి లోపలికెళ్లి, పది పౌన్ల బంగారు నాణేలు, మిగతా సొమ్ముకు చెక్కు తెస్తాడు. దొంగ చెక్కేమోనని తెల్లారేదాకా వాణ్ణి కనిపెట్టుకుని ఉండి బ్యాంకుకు తీసుకెళ్తే అది చెల్లుతుంది. సంతకం జెకిల్‌ది. ఆ తలుపు జెకిల్ ఇంటి వెనకభాగానిదే. ఇంటి ముందు తలుపు గుండా వచ్చేవాళ్లకు దీపాల వెలుగు, చలిమంట, మర్యాదలు తెలిసిన నౌకరు పూల్ కనిపిస్తారు. వెనక తలుపు ఒకప్పుడు శవాలు కోసిన గది మీదుగా ప్రయోగశాలకు దారి తీస్తుంది. ఒకే ఇల్లు, రెండు వీధుల్లో రెండు ముఖాలు. ఈ ఇంటి వర్ణనలోనే కథంతా చెప్పేశాడు స్టీవెన్సన్.

అటర్సన్‌ను నిద్రపోనివ్వనిది జెకిల్ వీలునామా. తాను చనిపోయినా, మూడు నెలలకు మించి కనిపించకుండా పోయినా ఆస్తంతా ఎడ్వర్డ్ హైడ్‌కు చెందాలని అందులో ఉంది. ఆ ఆస్తి విలువ రెండున్నర లక్షల పౌన్లు. బ్లాక్‌మెయిల్ అనుకుంటాడు లాయరు. దాదాపు ఏడాది తర్వాత, అక్టోబరు నెల వెన్నెల రాత్రి, పార్లమెంటు సభ్యుడు సర్ డాన్వర్స్ కేర్యూను హైడ్ చేతికర్రతో కొట్టి చంపుతాడు. దెబ్బల తాకిడికి కర్ర రెండు ముక్కలవుతుంది. అది ఒకప్పుడు అటర్సన్ జెకిల్‌కు బహుమతిగా ఇచ్చిందే. హైడ్ మాయమవుతాడు. జెకిల్ కొన్నాళ్లు స్నేహితుల మధ్య తిరిగి, మళ్లీ తలుపులు మూసుకుంటాడు. లాన్యన్ ఏదో చూసి మంచం పట్టి రెండు వారాలైనా గడవకుండానే పోతాడు. చివరి రాత్రి పూల్, అటర్సన్ గొడ్డలితో ప్రయోగశాల తలుపు పగలగొడతారు.

లోపల దృశ్యాన్ని స్టీవెన్సన్ ఎంత మామూలుగా రాశాడో గమనించాలి. పొయ్యిలో నిప్పు రగులుతోంది, కెటిల్‌లో నీళ్లు మరుగుతున్నాయి, టీ సరంజామా సర్ది ఉంది. లండన్‌లో ఆ రాత్రి ఇంతకంటే ప్రశాంతమైన గది ఉండదనిపిస్తుంది. నడిమధ్య నేల మీద హైడ్ ఇంకా కొట్టుకుంటున్నాడు. ఒంటి మీద డాక్టరు కొలతల బట్టలు వేలాడుతున్నాయి, చేతిలో నలిగిన సీసా. పక్కన ఒక భక్తి గ్రంథం, దాని అంచుల నిండా జెకిల్ దస్తూరీలోనే దైవదూషణలు. బల్ల మీద కొత్త వీలునామా. హైడ్ పేరున్న చోట అటర్సన్ పేరు. తన పేరు కొట్టేసిన కాగితం ఎదురుగా ఉన్నా హైడ్ దాన్ని చింపేయలేదే అని లాయరు విస్తుపోతాడు.

వాంగ్మూలం

జెకిల్ పతనాన్ని అర్థం చేసుకోవాలంటే చివరి అధ్యాయాన్ని మెల్లగా చదవాలి. యవ్వనంలో తన తప్పేమిటో అతను చెబుతాడు: సరదాల మీద మోజు. అదేమంత ఘోరం కాదు, చాలామంది దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు కూడా అంటాడు. కానీ నలుగురిలో తలెత్తుకు తిరగాలి, గంభీరంగా కనబడాలి. ఆ కోరిక బలం కొద్దీ చిన్న సరదాను పెద్ద పాపంలా దాచాడు. రెండు బతుకులు అలా మొదలయ్యాయి. మందు ఆ తర్వాతి మాట.

చెడు నుంచి విముక్తి పొందాలని జెకిల్ ఎన్నడూ అనుకోలేదు. ఇటు పరువు పోకూడదు, అటు సరదా తీరాలి, ఒకటి చేస్తున్నప్పుడు రెండోదాని గుర్తు బాధించకూడదు. అతను కోరింది అదీ. మందుకు దానంతట దానికి మంచీ చెడూ లేదనీ, ఉన్నతమైన ఉద్దేశంతో తాగి ఉంటే తనలోంచి దేవదూత బయటికి వచ్చేవాడనీ అతనే ఒప్పుకుంటాడు. ఏది ఎదురుచూస్తూ ఉంటే అది బయటపడింది. నా దృష్టిలో నవలిక మొత్తానికి కీలకమైన ఒప్పుకోలు ఇదే. సినిమాలు, నాటకాలు దాదాపుగా దీన్ని పట్టించుకోలేదు.

మొదటిసారి హైడ్‌గా మారినప్పుడు అద్దంలో చూసుకుని అతను అసహ్యపడలేదు. వయసు తగ్గినట్టు, ఒళ్లు తేలికైనట్టు అనిపించి, ఇదీ నేనే అని స్వాగతించాడు. తర్వాత పనులన్నీ ఒక పద్ధతి గల పెద్దమనిషి చేసినట్టే చేశాడు. హైడ్ కోసం సోహోలో ఇల్లు, పనిమనిషి, బ్యాంకు ఖాతా, విడిగా సంతకం. ఆ సంతకం తన దస్తూరీనే వాలు మార్చి రాసింది. ఇద్దరి రాతనూ పక్కపక్కన పెట్టి చూసిన అటర్సన్ గుమాస్తా దాన్ని పట్టేస్తాడు. నేరం చేసేది హైడ్, రాత్రి దాటాక ఏమీ ఎరగనట్టు లేచేది జెకిల్. వీలైన చోట హైడ్ చేసిన హానిని సరిదిద్దేవాణ్ణని కూడా రాశాడు. అలా అతని మనస్సాక్షి నిద్రలోనే ఉండిపోయింది.

కేర్యూ హత్యకు రెండు నెలల ముందు ఒక ఉదయం జెకిల్ తన పరుపు మీద మేల్కొని దుప్పటి మీదున్న చేతిని చూస్తాడు. అతని చెయ్యి పెద్దది, తెల్లనిది, చూడముచ్చటైనది. పొద్దుటి వెలుగులో కనిపించింది బక్కచిక్కి, నరాలు తేలి, కణుపులు లేచి, నల్లటి వెంట్రుకలు కమ్ముకున్న చెయ్యి. మందు తాగకుండానే మార్పు జరిగిపోయింది. ఇక ఎవరో ఒకరిగానే ఉండాలని భయపడి జెకిల్‌ను ఎంచుకుంటాడు. ఆ ఎంపికలో కూడా దాపరికం ఉంది: సోహో ఇల్లు వదులుకోలేదు, హైడ్ బట్టలు పారేయలేదు. రెండు నెలలు నిగ్రహించుకుని, ఆగలేక మళ్లీ తాగాడు. అంతకాలం కట్టేసిన హైడ్ ఆ రాత్రే కేర్యూను చంపాడు.

పతనంలో అసలు మలుపు హత్య అనుకుంటారు చాలామంది. నాకు మాత్రం రీజెంట్స్ పార్కు బెంచీయే ఆ మలుపు అనిపిస్తుంది. హత్య తర్వాత జెకిల్ నిజంగానే మారాడు. పేదలకు సాయం చేశాడు, నెలల తరబడి శుభ్రంగా బతికాడు. జనవరిలో ఒక నిర్మలమైన రోజున ఎండలో కూర్చుని, నేనూ ఇరుగుపొరుగు వాళ్లలాంటి వాణ్ణే కదా అనుకున్నాడు. అంతలో, చేతులు ముడుచుకు కూర్చునే వాళ్లకంటే నేనే నయం అన్న తలపు వచ్చింది. సరిగ్గా ఆ తలపు వచ్చిన క్షణంలో వికారం పుట్టి, ఒళ్లు వణికి, తల వంచి చూసుకుంటే బట్టలు వదులై ఉన్నాయి, మోకాలి మీద ఆ వెంట్రుకల చెయ్యి ఉంది. కామం, కోపం ఏవీ లేని వేళ, మందు చుక్కైనా గొంతులో పడని వేళ, ఒక్క ఆత్మప్రశంస చాలింది హైడ్‌ను పిలవడానికి. జెకిల్‌లోని మంచి కూడా పరువు మీద పెరిగిన మంచే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ఆ తర్వాత పతనం వేగంగా జరిగిపోతుంది. నిద్రపోతే హైడ్‌గా లేస్తాడు. మందు మోతాదు రెట్టింపవుతుంది. మందులో కలపడానికి మొదట తెచ్చుకున్న లవణం అయిపోతుంది. కొత్తగా తెప్పించింది పని చేయదు. పూల్ లండన్‌లోని మందుల దుకాణాలన్నీ తిరుగుతాడు. పాత సరుకులో ఏదో కల్తీ ఉందనీ, ఆ తెలియని కల్తీయే మందుకు బలమిచ్చిందనీ జెకిల్‌కు అప్పుడు అర్థమవుతుంది. తన మేధస్సు సాధించిందనుకున్న విజయం నిజానికి ఒక కాకతాళీయం. గ్రీకు విషాదాల్లో కథానాయకుడు తన పొరపాటును ఆలస్యంగా గుర్తించినట్టే ఇక్కడా గుర్తింపు కాలం మించాక వస్తుంది. వాంగ్మూలం రాస్తూ హైడ్ చేసిన పనులకు ‘నేను’ అనలేక ‘అతను’ అంటాడు. కొన్నిచోట్ల జెకిల్‌నే పరాయివాడిలా పేరు పెట్టి చెబుతాడు. రాస్తున్నది ఎవరన్న ప్రశ్నకు ఆ పేజీల్లో జవాబు దొరకదు.

హైడ్ ఆకారం

హైడ్ జెకిల్ కంటే పొట్టి, వయసులో చిన్న. జెకిల్ జీవితంలో తొమ్మిది వంతులు శ్రమ, నిగ్రహాలతో గడవడం వల్ల చెడు భాగానికి వ్యాయామం లేక ఎదగలేదని వాంగ్మూలం కారణం చెబుతుంది. కథ సాగేకొద్దీ హైడ్ బలపడతాడు, జెకిల్ కృశిస్తాడు. వాణ్ణి చూసినవాళ్లెవరూ ముఖం ఇలా ఉందని చెప్పలేరు. ఫలానా వంకర అని చూపలేరు గానీ అవిటితనం ఉన్నట్టు తోస్తుందంటారు. వాణ్ణి కోతితో పోల్చే మాటలు పుస్తకంలో పదేపదే వస్తాయి. డార్విన్ పరిణామవాదం తర్వాతి తరానికి మనిషిలో జంతువు తిరిగి లేస్తుందన్న భయం ఉండేది. నేరస్థుల్ని పుర్రె, ముఖం కొలతలతో గుర్తించవచ్చని ఇటలీలో చెజారే లాంబ్రోజో వాదించిన కాలం కూడా అదే.

ఎడిన్‌బరో మూలాలు

కథ లండన్‌లో జరిగినా దాని గాలి ఎడిన్‌బరోది అని ఆంగ్ల రచయిత జి.కె. చెస్టర్టన్ అన్న మాట విమర్శకులు చాలామంది ఒప్పుకున్నదే. స్టీవెన్సన్ పుట్టిపెరిగిన ఆ ఊరు రెండు ఊళ్లు. న్యూ టౌన్‌లో తీర్చిదిద్దిన వీధులు, లాయర్లు, ఇంజనీర్లు. ఓల్డ్ టౌన్‌లో ఇరుకు సందులు, సారా కొట్లు. అతని కుటుంబం లైట్‌హౌస్‌లు కట్టిన ఇంజనీర్లది, కాల్విన్ సంప్రదాయపు క్రైస్తవుల ఇల్లు. విద్యార్థిగా అతను పగలు ఒక ఊళ్లో, రాత్రి మరో ఊళ్లో తిరిగాడు.

ఆ ఊరి చరిత్రలోనే ఒక జెకిల్ ఉన్నాడు. విలియం బ్రోడీ పేరుమోసిన చెక్కపని మేస్త్రీ, వడ్రంగుల సంఘం పెద్ద, నగర కౌన్సిల్ సభ్యుడు. పగలు పెద్దవాళ్ల ఇళ్లలో పని చేస్తూ తాళంచెవుల అచ్చులు తీసుకుని, రాత్రి ఆ ఇళ్లనే దోచేవాడు. జూదం, రెండు రహస్య సంసారాలు అతన్ని దొంగతనాల్లోకి దింపాయి. ఎక్సైజు కార్యాలయం దోపిడీ బెడిసికొట్టాక ఆంస్టర్‌డాం పారిపోయి దొరికిపోయాడు. 1788 అక్టోబరు 1న ఉరితీశారు. బ్రోడీ చేసిన బీరువా ఒకటి స్టీవెన్సన్ చిన్నప్పటి పడకగదిలో ఉండేది. పెద్దయ్యాక కవి డబ్ల్యు.ఇ. హెన్లీతో కలిసి బ్రోడీ మీద నాటకం రాశాడు.

సాహిత్యంలోనూ జెకిల్‌కు పూర్వీకులున్నారు. స్కాట్లాండ్‌కే చెందిన జేమ్స్ హాగ్ 1824లో అచ్చువేసిన నవలలో, తాను దేవుడు ఎంచుకున్నవాణ్ణన్న గర్వంతో హత్యలకు దిగిన యువకుడి పక్కన అతని పోలికతోనే ఒక తోడు తిరుగుతుంటాడు. ఎడ్గార్ అలన్ పో ‘విలియం విల్సన్’ (1839), దస్తయేవ్‌స్కీ ‘ది డబుల్’ (1846) ఇదే వరసలోవి. వీటిలో రెండో మనిషి బయటినుంచి వచ్చి ఎదుట నిలబడతాడు. జెకిల్ తన రెండో మనిషిని తానే తయారు చేసుకున్నాడు, ఆస్తి రాసిచ్చాడు. స్టీవెన్సన్ తెచ్చిన కొత్తదనం ఇక్కడుంది.

నవలిక పుట్టుక

1885 శరదృతువులో స్టీవెన్సన్ ఇంగ్లండ్ దక్షిణ తీరాన బోర్న్‌మత్‌లో ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన ఉన్నాడు. ఒక రాత్రి నిద్రలో కేకలు పెడుతుంటే భార్య ఫ్యానీ లేపింది. మంచి భయంకరమైన కల చెడగొట్టావని ఆమెను విసుక్కున్నాడట. నవలికలోని ఒక కిటికీ దగ్గరి దృశ్యం, వెంటాడేవాళ్ల ఎదుటే నేరస్థుడు పొడి మింగి మారిపోవడం కలలో చూసినవేనని తర్వాత 1888లో కలల మీద రాసిన వ్యాసంలో చెప్పాడు. మొదటి చిత్తు విని, ఇది వట్టి భయానక కథ అయిపోయింది, లోపలి అర్థం జారిపోయింది అని ఫ్యానీ అందనీ, అతను దాన్ని నిప్పుల్లో పడేసి మళ్లీ మొదలుపెట్టాడనీ కుటుంబం చెప్పిన కథనం. షిల్లింగు ధరకు అమ్మిన పుస్తకం బ్రిటన్‌లో ఆరు నెలల్లో సుమారు 40,000 ప్రతులు పోయింది. చర్చి ప్రసంగాల్లో పాదరీలు జెకిల్‌ను ఉదహరించారు.

మిగిలిన చిత్తుప్రతుల్లో జెకిల్ తన యవ్వన దురలవాట్ల గురించి ఇంకా కటువుగా ఒప్పుకుంటాడు. అచ్చుప్రతికి వచ్చేసరికి స్టీవెన్సన్ ఆ మాటల్ని మెత్తబరిచి, దాచిన పాపం ఏమిటో చెప్పకుండా వదిలాడు. వ్యాఖ్యాతలందరికీ పని కల్పించింది ఈ ఖాళీయే.

వ్యాఖ్యానాలు

ద్వంద్వ వ్యక్తిత్వం మీద అప్పటికే ఫ్రాన్సులో వైద్యులు రాస్తున్నారు. యూజీన్ అజాం దశాబ్దాల పాటు గమనించిన ఫెలీడా అనే స్త్రీ, 1885లో వెలుగులోకి వచ్చిన లూయీ వివే అనే యువకుడు ప్రసిద్ధ ఉదంతాలు. మనస్తత్వ పరిశోధకుడు ఫ్రెడరిక్ మయర్స్ నవలిక చదివి స్టీవెన్సన్‌కు సవరణలు సూచిస్తూ ఉత్తరాలు రాశాడు. ఈనాటి వైద్యం చెప్పే వ్యక్తిత్వ విచ్ఛిత్తి జబ్బుతో జెకిల్‌ను పోల్చడం మామూలైపోయింది గానీ ఆ పోలిక పూర్తిగా కుదరదు. ఆ జబ్బులో ఒక వ్యక్తిత్వం చేసినవి మరోదానికి గుర్తుండకపోవడం ముఖ్య లక్షణం. జెకిల్‌కు హైడ్ చేసినవన్నీ గుర్తున్నాయి. ఇద్దరికీ జ్ఞాపకం ఉమ్మడి. కనుక తెలియదన్న సాకు అతనికి లేదు. స్కిజోఫ్రేనియాతో కలిపి మాట్లాడడం మరీ పొరపాటు, అది వేరే జబ్బు.

1885 ఆగస్టులో బ్రిటిష్ పార్లమెంటు చేసిన నేరచట్టంలో, మగవాళ్ల మధ్య లైంగిక సంబంధాన్ని నాలుగు గోడల మధ్య జరిగినా శిక్షించే సెక్షన్ ఒకటి చేరింది. బ్లాక్‌మెయిలర్ల చేతికి అది ఆయుధమైంది. పదేళ్లకు ఆస్కార్ వైల్డ్ జైలుకెళ్లింది దాని కిందే. పెళ్లీ కుటుంబాల ఊసు లేని మగవాళ్ల మధ్య నడిచే ఈ కథను ఆ నేపథ్యంలో చదవాలని సాహిత్య విమర్శకురాలు ఎలేన్ షోవాల్టర్ 1990లో వాదించింది. వాదనలో బలముంది. అయితే ఏ ఒక్క పాపం పేరు పెట్టినా కథ చిన్నదవుతుందని నాకనిపిస్తుంది.

రంగస్థలం, సినిమా

1887లో అమెరికన్ నటుడు రిచర్డ్ మాన్స్‌ఫీల్డ్ బోస్టన్‌లో నాటకంగా ఆడాడు. అందులో జెకిల్‌కు ఒక ప్రేయసిని కల్పించారు. నవలికలో ఆమె లేదు. మరుసటి ఏడు లండన్‌లో ఆడుతుండగానే వైట్‌చాపెల్‌లో స్త్రీల వరస హత్యలు జరగడంతో ప్రేక్షకులు వేదిక మీది మార్పును వేరే కళ్లతో చూశారు. సినిమాలు అదే దారి పట్టాయి. 1920లో జాన్ బారీమోర్, 1931లో ఫ్రెడ్రిక్ మార్చ్, 1941లో స్పెన్సర్ ట్రేసీ నటించిన చిత్రాలన్నింటిలో జెకిల్‌కు ఒక గౌరవనీయమైన అమ్మాయి, హైడ్‌కు పానశాలల్లోనో నృత్యశాలల్లోనో తిరిగే అమ్మాయి. మార్చ్‌కు ఉత్తమ నటుడిగా ఆస్కార్ దక్కింది. కెమెరా ముందు రంగు ఫిల్టర్లు మార్చి, అంతకుముందే ముఖానికి పూసిన రంగులు మెల్లగా బయటపడేలా ఆ చిత్రంలో చేసిన మార్పు నేటికీ ఆశ్చర్యపరుస్తుంది. హిందీలో సంజీవ్ కుమార్ కథానాయకుడిగా 1981లో ‘చెహ్‌రే పే చెహ్‌రా’ వచ్చింది. కామిక్స్‌లోని హల్క్ పాత్రకు జెకిల్ ప్రేరణ ఉందని దాని సృష్టికర్తల్లో ఒకడైన స్టాన్ లీ చెప్పాడు.

నాటకం వచ్చిన ఏడాదే స్టీవెన్సన్ ఒక ఉత్తరంలో నొచ్చుకున్నాడు. హైడ్‌ను స్త్రీలోలుడిగా చూపడం తప్పన్నాడు. జెకిల్‌లో ఉన్న హాని అతని కపటత్వమేననీ, ఆడవాళ్ల మీద ఇష్టం కాదనీ, జెకిల్ హైడ్‌ను బయటికి వదిలాడంటే తనలోని క్రౌర్యాన్ని, స్వార్థాన్ని, పిరికితనాన్ని బయటికి వదిలినట్టేననీ స్పష్టంగా రాశాడు. దాదాపు అరవై ఏళ్లకు నవలా రచయిత వ్లదీమిర్ నబొకోవ్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఈ నవలిక పాఠం చెబుతూ, దీన్ని సినిమాగానో డిటెక్టివ్ కథగానో గుర్తు పెట్టుకుంటే ముందు ఆ గుర్తు చెరిపేసుకు రమ్మని విద్యార్థుల్ని అడిగేవాడు. పెద్ద వలయంలో చిన్న వలయంలా జెకిల్‌లో హైడ్ ఉన్నాడని బొమ్మ గీసి చూపించేవాడు. హైడ్ పూర్తిగా బయటికి వచ్చాక కూడా అతని చుట్టూ జెకిల్ శేషం మిగిలే ఉంటుందనీ, తిరిగి జెకిల్‌గా మారాలన్న ఆరాటం ఆ శేషానిదేననీ అతని వివరణ.